నలభై ఒకటో నంబరు నీడ

మా మామగారు ఎగాన్ కోటు జేబులో ఎప్పుడూ ఒక పసుపు రంగు మడత కొలబద్ద ఉంటుంది. పూర్తిగా విప్పితే రెండు మీటర్లు. డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఎవరి పెళ్ళికి వెళ్ళినా అది జేబులో ఉండాల్సిందే. ఆయన కొడుకు ఫాల్కో నన్ను వదిలేసి కెమ్నిట్స్ ఊరి ఆవిడతో కాపురం పెట్టినప్పుడు, విడాకుల రోజున ఆయన కోర్టుకి వచ్చి నా పక్కన కూర్చున్నారు. అప్పుడూ ఉంది. ఆయనకి ఎనభై నాలుగు నిండిన ఏడాది వసంతమంతా నేను ఆ కొలబద్దతోనే పోట్లాడాను.

ఫాల్కో వెళ్ళి అప్పటికి ఏడేళ్ళు. కొడుకు వెళ్ళాడు గానీ మామగారు వెళ్ళలేదు. వెనక గది ఆయనది, ముందు గది నాది, వంటిల్లు ఇద్దరిదీ. బేకరీలో నాతో పనిచేసేవాళ్ళు "నీ మాజీ మొగుడి నాన్నని నువ్వెందుకు పెట్టుకున్నావే హైడ్రున్" అని అడిగేవాళ్ళు. నేనేం పెట్టుకోలేదు. ఆయన వెళ్తాననలేదు, నేను వెళ్ళమనలేదు, అంతే. నేను మామయ్యా అని పిలవడం మానలేదు, ఆయన కొలతలు చెప్పడం మానలేదు. ఇద్దరం ఒకరి మీద ఒకరం విసుక్కోకుండా గంటల తరబడి ఉండగలిగిన చోటు ఒక్కటే. ట్రాము చివరి స్టాపు దగ్గరున్న మా తోట.

తోట అంటే సొంతం కాదు. "పొద్దుటి ఎండ" అనే తోటల సంఘం దగ్గర కౌలుకి తీసుకున్నది. సన్నని దారులు, కత్తిరించిన కంచెలు, ఒక్కో ముక్కకి ఒక నంబరు, ఒక చెక్క గది. మాది నలభై ఒకటి. సంఘం పేరులో ఎండ ఉంది గానీ మా ముక్కకి ఆ భాగ్యం లేదు. దక్షిణం వైపు గోడ, గోడ అవతల శ్మశానం, శ్మశానంలో వరసగా నాలుగు పెద్ద లిండెన్ చెట్లు. చచ్చినవాళ్ళకి చల్లగా ఉండాలని ఎవరో నాటారు. ఆ చల్లదనమంతా వచ్చి మా తోటలో సగం మీద పడింది.

ఆ సగంలో నేను వెయ్యని పంట లేదు. క్యారట్ వేస్తే చిటికెన వేలంత ఊరలేదు. బీన్స్ తీగ గోడెక్కి సమాధుల వైపు తొంగి చూసింది తప్ప ఒక్క కాయ కాయలేదు. బంగాళాదుంపలు గోళీలంతే. మిగిలిందేదన్నా ఉంటే నత్తలు తిన్నాయి. చివరికి విసిగి చేతులెత్తేసి, బేకరీలో తోటి మనిషి పెరట్లోంచి రెండు గుప్పెళ్ళ వాల్డ్‌మైస్టర్ తెచ్చి గుచ్చాను. అడవిలో పెద్ద చెట్ల కింద పెరిగే మొక్క అది. జానెడు ఎత్తు, కాడ చుట్టూ గుండ్రంగా ఆకులు, మే నెలలో చిన్న చిన్న తెల్లపూలు. నీడంటే దానికి ప్రాణం. నాలుగేళ్ళలో మట్టి కనపడకుండా పాకేసింది. కలుపు రాలేదు, నత్తలు ముట్టలేదు, నేను చెంబెడు నీళ్ళు కూడా పొయ్యలేదు. నేను పెట్టిన చోట ఉండి, నాకు విసుగు తెప్పించకుండా పెరిగింది నా బతుకులో అదొక్కటే.

మార్చిలో మామయ్యకి ఎనభై నాలుగు నిండాయి. కేకు తిన్నాక ఫోర్కు పక్కన పెట్టి, "తోట నీ పేర మార్పించేస్తా" అన్నారు.

నేనూ ఫోర్కు పక్కన పెట్టేశాను. ఆయన పోయాక ఆ తోట నాకు రాదు. సంఘం నియమం అది. పోయినవాళ్ళ తోట మొగుడికో పెళ్ళానికో, పిల్లలకో మనవలకో వెళ్తుంది. మిగతావాళ్ళు క్యూలో నిలబడాలి, ఆ క్యూలో అప్పటికే రెండు వందల మంది ఉన్నారు. ఫాల్కోకి వానపామును చూస్తే కడుపులో తిప్పుతుంది, వాడికెందుకు తోట? కానీ కౌలుదారు బతికుండగా అయితే ఇంట్లో మనిషి పేర మార్చుకోవచ్చు. ఆ మాట ఆయన నోటి నుంచే రావాలని నేను రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాను.

పది రోజులకి సంఘం నుంచి ఒక ఉత్తరం, ఒక ఫారం వచ్చాయి. మే మూడో శనివారం కమిటీ వచ్చి తోట కొలుస్తుంది. మొత్తం రెండు వందల నలభై చదరపు మీటర్లు. అందులో మూడో వంతు, అంటే ఎనభై, తినే పంట ఉండాలి. ఉంటే పేరు మారుతుంది. లేకపోతే తోట సంఘానికి వెనక్కి వెళ్తుంది.

మామయ్య ఆ రోజే కొలబద్ద తీశారు. ఎండ పడే సగంలో చెక్క గది, దారి, నీళ్ళ తొట్టె పోగా కూరమళ్ళు, స్ట్రాబెర్రీ మడి, పళ్ళ పొదలు అన్నీ కలిపి యాభై రెండు తేలాయి.

"ఇరవై ఎనిమిది తక్కువ," అన్నారు, కొలబద్ద మడత పెడుతూ.

"నీడలో వాల్డ్‌మైస్టర్ ముప్ఫై ఉంది కదా మామయ్యా. కలిపితే ఎనభై రెండు."

"అది పంట కాదు."

"అదేంటి? మే పండక్కి బోలె చేసేది దాంతోనే కదా. తెల్ల వైన్‌లో వేలాడదీసి ఊరంతా తాగేదాన్ని పంట కాదంటారేంటి?"

"నేల కప్పడానికి వేసేది. అలంకరణ. లెక్కలోకి రాదు."

"అని ఎవరన్నారు?"

ఆయన వెళ్ళి నీళ్ళ తొట్టె మూత ఎత్తి, మళ్ళీ సరిగ్గా పెట్టారు. మాట తప్పించుకోవాలంటే ఆయనకి ఆ మూత ఉండాలి.

ఫారం ఇంకో తలనొప్పి. అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి ఒక్క గడి వదిలేశారు. "కొత్త కౌలుదారు మీకు ఏమవుతారు" అన్న గడి.

"కోడలు అని రాయండి," అన్నాను.

"కోడలివి కాదుగా. కోర్టు కాగితం ఉంది."

"పోనీ మాజీ కోడలు."

"అలాంటి వరస ఒకటి ఉందని నేను వినలేదు. తెలియంది రాయను."

"ఖాళీగా ఉంటే ఫారం తిప్పి పంపుతారు మామయ్యా."

"పంపనీ. ఖాళీ అబద్ధం కాదు."

ఇలాంటి మనిషితో ఏడేళ్ళుగా ఒకే వంటింట్లో ఉంటున్నాను. నాకు పతకం ఇవ్వాలి.

సంఘం అధ్యక్షురాలు త్యూమ్లర్ గారు శనివారాలు సంఘం గదిలో కూర్చుంటారు. నాకంటే పదేళ్ళు చిన్నావిడ, పళ్ళ డాక్టరు దగ్గర పని. నెమ్మదిగా మాట్లాడుతూనే నొప్పి పుట్టించగలదు. నేను వెళ్ళేసరికి మా పక్క తోట క్రెచ్‌మర్ అక్కడే కాఫీ తాగుతున్నాడు. నలభయ్యో నంబరు ఆయనది. ఎండంతా ఆయన మీదే పడుతుంది. ఉల్లిపాయలు కూడా సిపాయిల్లా నిలబడతాయి ఆయన మళ్ళలో. కమిటీలో తోటలు కొలిచే పని ఇదివరకు మామయ్యది, మామయ్య దిగిపోయాక ఈయనకి వచ్చింది.

"వాల్డ్‌మైస్టర్ వంటింటి మొక్కే కదండీ, పంట కిందకే వస్తుంది కదా?" అన్నాను.

"నాకూ అలాగే అనిపిస్తుంది," అంది త్యూమ్లర్ గారు. "కానీ పాత నిర్ణయం ఒకటుంది." బీరువాలోంచి ఒక లావుపాటి ఫైలు తీసి, వేలు తడుపుకుంటూ కాగితాలు తిప్పి చదివింది. "తొంభై నాలుగు, మే. పదిహేడో నంబరు, ట్రౌడెల్ ఎర్లర్. పొదల కింద పంతొమ్మిది చదరపు మీటర్ల వాల్డ్‌మైస్టర్. ఇది నేలను కప్పే అలంకరణ మొక్క. పంటగా లెక్కకు రాదు. తీసివేయవలెను."

"ఎవరండీ ఆ మహానుభావుడు?"

ఆవిడ ఫైలు నా వైపు తిప్పింది. ఆ సంతకం నేను రోజూ మా ఫ్రిజ్ మీద చూస్తాను. పాలు అయిపోయాయని చీటీ రాసినా కింద సంతకం పెడతారు మామయ్య.

"రాసినాయనే వెనక్కి తీసుకుంటే తప్ప మేం కదపలేం," అంది త్యూమ్లర్ గారు.

క్రెచ్‌మర్ కప్పులోకి నవ్వాడు. "ఎగాన్ వెనక్కి తీసుకోవడమా? కారు కూడా వెనక్కి తియ్యడం చూళ్ళేదు నేను."

"ఆ ఎర్లర్ గారు ఏమయ్యారు?"

"తవ్వేసి బంగాళాదుంపలు వేసింది పాపం," అన్నాడు క్రెచ్‌మర్. "నీడలో ఏం వస్తాయి? మరుసటేడు తాళాలిచ్చేసి వెళ్ళిపోయింది."

ఇంటికి నడిచే వచ్చాను. ట్రాములో కూర్చుంటే ఎవరితోనైనా తగాదా పెట్టుకునేదాన్ని.

భోజనానికి ఉడికించిన బంగాళాదుంపలు, క్వార్కు అనే మెత్తటి జున్ను, అవిసె నూనె. మామయ్య దుంప తొక్క ఒకే పొడవాటి ముక్కగా తీస్తున్నారు.

"ట్రౌడెల్ ఎర్లర్ ఎవరు?" అన్నాను.

చెయ్యి ఆగలేదు. "పదిహేడో నంబరు."

"మనిషి గురించి అడుగుతున్నాను. నంబరు గురించి కాదు."

"స్కూల్లో పాటలు నేర్పేది. మంచి మనిషి. ఆవిడకి ఆరు మీటర్లు తక్కువొచ్చింది."

"ఆరు మీటర్ల కోసం పంతొమ్మిది మీటర్లు తవ్వించారు."

"నియమం."

"ఇప్పుడు ఆ నియమం తిరిగి తిరిగి వచ్చి నా నెత్తిన పడింది. మీరొక్క మాట రాస్తే చాలు, పాతది తప్పని."

"ఎలా రాస్తాను? ఆవిడకి పంట కానిది నా కోడలికి పంట అవుతుందా?" అని, ఆగి, "అదే, నీకు" అన్నారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మీ నిజాయితీకి ఎప్పుడూ పక్కవాళ్ళే ఎందుకు నష్టపోవాలి మామయ్యా? అప్పుడు ఆవిడ. ఇప్పుడు నేను. మీకేం పోయింది ఇప్పటిదాకా?"

ఆయన లేచి, కంచం కడిగి, తుడిచి, అరలో పెట్టి గదిలోకి వెళ్ళిపోయారు. సగం దుంప మిగిలిపోయింది. మామయ్య కంచంలో వదిలెయ్యడం నేను ముందెప్పుడూ చూడలేదు.

ఆ రోజు నేను వంటింట్లోనే కూర్చుని ఏడ్చాను. ఉల్లిపాయల కోసం, స్ట్రాబెర్రీల కోసం కాదు. ఈయన పోతే ఈ మనిషికి నేను ఏమవుతానో చెప్పే వస్తువు లోకంలో ఒక్కటి కూడా మిగలదు. ఇంటి గంట పక్కన రాసున్న నా ఇంటిపేరు ఫాల్కో ఇచ్చింది. నేను ఆయనతో గడిపిన ఏళ్ళు కనిపించేది ఆ తోటలోనే.

ఏప్రిల్ రెండో వారంలో పార తీసుకెళ్ళాను. కసి. పంట కావాలా, ఇదిగో పంట అనుకుంటూ గోడ పక్కన వాల్డ్‌మైస్టర్‌ని రెండు మీటర్ల మేర పీకి బకెట్లో కుక్కి, ఆ చోట ఇరవై నాలుగు లెట్యూస్ ఆకుకూర మొక్కలు నాటాను. మర్నాడు పొద్దున వెళ్తే ఇరవై నాలుగు మోళ్ళున్నాయి. గిన్నెల్లో బీరు పోసి పెడితే నత్తలు అందులో పడి చస్తాయంటారు. పోసి పెట్టాను. మూడో రోజుకి చుట్టుపక్కల తోటల్లో ఉన్న నత్తలన్నీ వచ్చి చేరాయి.

క్రెచ్‌మర్ కంచె మీద మోచేతులు పెట్టాడు. "మావి కూడా మీ ఇంటికే వచ్చినట్టున్నాయి. ఇక్కడ ఒక్కటి లేదు. చాలా థాంక్స్."

"తిరిగి పంపిస్తాను, తాగాక," అన్నాను.

మిగతా ఇరవై ఎనిమిది మీటర్లు పీకడానికి మళ్ళీ పార ఎత్తాను గానీ దింపలేకపోయాను. అంత ఒద్దికగా పరుచుకుని ఉన్నదాన్ని నత్తల పాలు చెయ్యడానికి చెయ్యి రాలేదు. అప్పుడే మామయ్య వచ్చారు. మేం వారంగా ఉప్పు అందించుకోవడానికి తప్ప మాట్లాడుకోలేదు. ఆయన చెక్క గది వైపు వెళ్తూ బకెట్ దగ్గర ఆగిపోయారు. పీకి పడేసిన మొక్కలు రెండు రోజులుగా అందులోనే వాడుతున్నాయి. వాల్డ్‌మైస్టర్ పచ్చిగా ఉన్నప్పుడు ఏ వాసనా ఉండదు. వాడితేనే వస్తుంది ఆ వాసన, ఎండలో ఆరిన గడ్డి వాసనలా, ఇంకొంచెం తియ్యగా.

ఆయన వంగి, గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఎర్లర్ బోలె," అన్నారు.

"ఏంటి?"

"సంఘం మే పండక్కి బోలె ఆవిడే చేసేది. పదకొండేళ్ళు. ఆవిడ వెళ్ళాక సీసాలో పచ్చరంగు సిరప్పు కొనడం మొదలుపెట్టారు. అదే ఇప్పటికీ."

ఆ సిరప్పు నాకు తెలుసు. నాలుకంతా పచ్చబడుతుంది, రుచి మాత్రం పళ్ళ పేస్టుది. "మరి ఆవిడ మొక్క తవ్వించినప్పుడు ఆ సంగతి మీకు గుర్తు రాలేదా?"

ఆయన గుప్పెడూ మళ్ళీ బకెట్లో పెట్టి, వెళ్ళి నీళ్ళ తొట్టె మూత సరిచేశారు. ఆ మూతని ఎత్తి గోడ అవతలికి విసిరెయ్యాలనిపించింది నాకు.

మే రెండో వారంలో ఒక పొద్దున ఆయన కత్తెర పట్టుకుని తోటలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. వాల్డ్‌మైస్టర్ కోసి, కాడలన్నీ ఒకే పొడవు వచ్చేలా కత్తిరించి, దారంతో కట్ట కట్టారు. ఆ ఏడు ఎండలు ముందే వచ్చాయి. కట్ట నిండా తెల్లపూలు. పూసిన వాల్డ్‌మైస్టర్ బోలెకి పనికిరాదని మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. నేను చూశాను, చెప్పలేదు. ఈ ఒక్క నియమమైనా ఈయన తప్పనీ అనుకున్నాను.

"ట్రౌడెల్ ఎర్లర్ దగ్గరికి వెళ్తున్నా," అన్నారు. "నువ్వూ రా. ఏం మాట్లాడాలో నాకు తెలీదు."

ఆవిడ రెండు ట్రాములు మారి వెళ్ళాల్సిన చోట, రెండో అంతస్తులో ఉంటుంది. తలుపు తీసింది. పొట్టి మనిషి, కురచ జుట్టు, మోకాలికి కట్టు, చేతిలో కర్ర.

"ఎగాన్ మేల్‌హార్న్," అంది. "కొలబద్ద తెచ్చావా?"

"జేబులో ఉంది," అన్నారు మామయ్య, దాచకుండా.

ఆయన కట్ట ముందుకు చాపారు. ఆవిడ అందుకోలేదు. మెడలో వేలాడే కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"పూసేసిందే."

"అవును."

"పూశాక తెస్తే ఏం చేసుకోను? బోలె చేస్తే తల పగిలిపోతుంది. మొగ్గలో కొయ్యాలి, ఒక పూట వాడనివ్వాలి. పదకొండేళ్ళు తాగావు, అది కూడా చూళ్ళేదా?"

మామయ్య నా వైపు తిరిగారు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"చెప్పలేదేం?"

"మీరు అడగలేదు."

ట్రౌడెల్ గారు మొదటిసారి నవ్వింది. "ఎవరీ అమ్మాయి?"

"నా..." అని మామయ్య ఆగిపోయారు. "మా ఇంట్లో ఉంటుంది."

"ఆయనే మా ఇంట్లో ఉంటారు," అన్నాను నేను.

వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. ఉత్తరం వైపు చిన్న బాల్కనీ, ఎండ పొడ లేదు. అక్కడ బట్టలు నానబెట్టే పాత జింకు తొట్టె, దాన్నిండా వాల్డ్‌మైస్టర్. మామయ్య దాన్ని చూసి కప్పు కింద పెట్టేశారు.

"తవ్వమని రాశావు, తవ్వాను," అంది ఆవిడ. "పారెయ్యమని రాయలేదుగా."

"కొలత మాత్రం సరిగ్గానే తీశాను ట్రౌడెల్. పంతొమ్మిదే."

"కొలతని నేనెప్పుడు తప్పన్నాను? పంతొమ్మిదే. దాని పక్కన నువ్వు రాసిన మాట తప్పు. పదకొండు మేలు నా బోలె తాగి, రెండో గ్లాసు అడిగి తాగి, పన్నెండో మేలో వచ్చి అలంకరణ అని రాశావు. నీ నాలుక్కి తెలిసింది నీ చేత్తో రాయలేకపోయావు. నియమాల పుస్తకంలో ఉన్న మాట తీసి అక్కడ పెట్టేశావు."

మామయ్య చేతులు టేబులు మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు. "వెనక్కి తీసుకుంటా" అన్నారు.

"తీసుకుంటే తీసుకో. నాకేం ఒరగదు. ఈ మోకాళ్ళతో నేను ట్రాము దాకానే వెళ్ళలేను." ఆ మాటలో కోపం లేదు, ఊరడింపూ లేదు. ఆయన తెచ్చిన కట్ట తీసుకెళ్ళి బీరువాలో కోట్ల మధ్య వేలాడదీసింది. "పురుగులు పట్టకుండా ఉంటుంది. వాటికి పువ్వయినా మొగ్గయినా ఒకటే." తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "వచ్చే ఏడు మొగ్గలో కోసి నువ్వు పట్టుకురా. ఆయన్ని పంపకు."

వచ్చే ఏడు మాకు తోట ఉంటుందో లేదో ఆవిడకి చెప్పలేకపోయాను. ట్రాములో మామయ్యని అడిగాను, శనివారం ఏం చేస్తారని.

"కొలిచినప్పుడు చూద్దాం," అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. రెండు స్టాపులు ముందే దిగి నడిచాను.

శనివారం పదింటికి త్యూమ్లర్ గారు, క్రెచ్‌మర్ వచ్చారు. ఆవిడ చేతిలో అట్టకి బిగించిన కాగితాలు, ఆయన చేతిలో కొత్త టేపు. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని గది ముందు బెంచీ మీద కూర్చున్నారు. ఎండ పడే సగం కొలిచారు. యాభై రెండు. తర్వాత గోడ పక్కకి వచ్చారు. క్రెచ్‌మర్ నేను తవ్విన చోట ఆగాడు.

"ఇదేంటి?"

"లెట్యూస్ మడి," అన్నాను.

"లెట్యూస్ ఏది?"

"మీ నత్తల కడుపులో."

త్యూమ్లర్ గారు నవ్వాపుకుని, ఆ రెండు మీటర్ల మీద గీత కొట్టేసింది. వాల్డ్‌మైస్టర్ దగ్గరికి వచ్చాక ఆవిడ పెన్ను కూడా ఇబ్బందిగా ఆగింది. మామయ్య లేచి, చొక్కా జేబులోంచి ఒక మడత కాగితం తీసి ఇచ్చారు.

"ఇది తొంభై నాలుగు ఫైల్లో పెట్టండి."

ఆవిడ విప్పి పైకే చదివింది. "పదిహేడో నంబరులో నేను తీసిన కొలత సరైనది. రాసిన మాట తప్పు. అది వంటింటి మొక్క. నాకు అప్పుడే తెలుసు. ట్రౌడెల్ ఎర్లర్ తోట పోవడానికి కారణం నేను. ఈ కాగితం సంఘం సమావేశంలో చదివి వినిపించాలి." కింద సంతకం.

క్రెచ్‌మర్ టేపు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళు ఈ తోటల్లో ప్రతి కంచెకీ వంక పెట్టిన మనిషి కాగితం అది. క్రెచ్‌మరే ముందు వంగి టేపు ఒక కొస నా చేతికిచ్చి, "గోడ దగ్గర పట్టుకో అమ్మా" అన్నాడు. రెండుసార్లు కొలిచాడు. ఇరవై ఎనిమిది.

"యాభై రెండూ ఇరవై ఎనిమిదీ," అంది త్యూమ్లర్ గారు. "సరిగ్గా ఎనభై."

ఏప్రిల్లో నేను పార ఇంకొక్కసారి దింపి ఉంటే ఏమయ్యేదో తలుచుకుని నాకు చెమట పట్టింది. అంతలో ఆవిడ ఫారం తిరగేసి మళ్ళీ ఆగింది.

"ఈ గడి ఖాళీగా ఉంది మేల్‌హార్న్ గారూ. హైడ్రున్ గారు మీకు ఏమవుతారో రాయాలి. లేకపోతే పై ఆఫీసు తిప్పి పంపుతుంది."

"కోడలని రాసెయ్ ఎగాన్," అన్నాడు క్రెచ్‌మర్. "అందరికీ తెలిసిందేగా."

"కోడలు కాదు," అన్నారు మామయ్య.

నాకు ఇక ఓపిక లేదు. రెండు నెలలు బతిమాలాను, అరిచాను, ఏడ్చాను, నత్తలకి బీరు పోశాను. ఎనభైకి ఎనభై వచ్చాక ఒక్క మాట దగ్గర తోట పోతుంటే ఈయన నిజం కోసం వెతుకుతున్నారు. "ఏదో ఒకటి రాయండి మామయ్యా," అన్నాను. నా గొంతు నాకే అరువు తెచ్చుకున్నట్టు వినపడింది.

ఆయన బెంచీ మీద కూర్చుని, ఫారం మోకాలి మీద పెట్టుకుని, పెన్ను అడిగారు. కళ్ళజోడు సవరించుకుని నా వైపు చూశారు. కంచె ఎత్తు చూసేటప్పుడు కింద నుంచి పైదాకా ఎలా చూస్తారో, అలాగే, తొందర లేకుండా. తర్వాత ఆ గడిలో ఒక మాట రాసి ఫారం ఇచ్చేశారు.

త్యూమ్లర్ గారు చదివింది. మళ్ళీ చదివింది. నన్ను చూసి, ఆయన్ని చూసి, గొంతు తగ్గించింది. "మేల్‌హార్న్ గారూ, మీకు ఒక్క కొడుకే కదండీ. కూతురు ఉన్నట్టు మా కాగితాల్లో ఎక్కడా లేదు."

"కొలిచే రాశాను," అన్నారు మామయ్య.

ఆవిడ ఇంకేం అడగలేదు. సంచీలోంచి స్టాంపు తీసి, అట్ట మీద పెట్టి గట్టిగా నొక్కింది. క్రెచ్‌మర్ టేపు చుట్టుకుంటూ శ్మశానం చెట్ల వైపు చూస్తున్నాడు. నేను వెళ్ళి నీళ్ళ తొట్టె మూత ఎత్తి, మళ్ళీ సరిగ్గా పెట్టాను.